గీత మీద నిలబడి చెప్పు

యూనిఫాం బట్ట బల్ల మీద అలాగే పడి ఉంది. మధ్యాహ్నం బట్టలు కుట్టే మిషనక్క వచ్చి విసిరిపారేసి వెళ్ళిన దగ్గర్నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టీ కప్పులు దాని పక్కనే పెట్టారు, తాగకుండానే తీసేశారు. బట్ట మాత్రం కదల్లేదు.

నీలం గళ్ళ బట్ట. కొలతల ప్రకారం కత్తిరించి ఉంది, కుట్టలేదు. అది ఏ బడి బట్టో ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. పెద్ద గేటు స్కూలుది. నిలువెత్తు గోడలు, గోడల మీద గాజు పెంకులు, పిల్లలు లోపలికి వెళ్ళగానే కన్నవాళ్ళ మొహం మీదే ధడాలున గేటు మూసేసే వాచ్‌మన్. ఆ గేటుని వాచ్‌మన్‌లా మూసి చూపించి గీతలమ్మ తన కొత్త బడి మీటింగుల్లో ఎంతమందిని నవ్వించిందో!

ఇప్పుడు ఆ బట్ట ఆవిడ సొంత బల్ల మీదే ఉంది.

"ఎవరి కొలతలివి?" అంది గీతలమ్మ. అదే ప్రశ్న పొద్దుట్నుంచీ అడిగినట్టు గొంతు అరిగిపోయింది.

మొగుడు ఫోను చూసుకుంటున్నాడు. ఫోన్లో ఏమీ లేదు, తెర కూడా వెలగట్లేదు. ఊళ్ళో సగం ఇళ్ళు కట్టిన కాంట్రాక్టరు, సైటు మీద గొంతెత్తితే వీధి చివరికి వినిపిస్తుంది. ఇంట్లో మాత్రం బెల్లం కొట్టిన రాయి.

"మిమ్మల్నే!"

"తెలిసి కూడా అడుగుతావేంటి? పిట్టవే."

పిట్ట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. మాటలు రాని రోజుల్లోనే రోజంతా కిచకిచలాడేదని ఆ పేరు. ఈమధ్య కిచకిచలు లేవు. మిషనక్క వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ తన గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకుంది.

"అయితే నా కూతురికి నాకు చెప్పకుండా ఆ స్కూల్లో సీటు మాట్లాడారు."

"మాట్లాడాను."

"నేను అయిదు వీధులు తిరిగి, మీ పిల్లల్ని మన బడిలో వెయ్యండని గడపగడపకీ దండాలు పెడుతున్నప్పుడు."

"నువ్వు తిరిగినప్పుడే."

"పైగా ఆ బట్ట తీసుకెళ్ళి మిషనక్కకే ఇచ్చారు! ఊళ్ళో ఇంక టైలర్లే లేరా?"

కాంట్రాక్టరు మొదటిసారి తలెత్తాడు. "ఆవిడంత బాగా ఇంకెవరూ కుట్టరని అందరితోనూ చెప్పేది నువ్వే కదా!"

చెప్పొద్దూ, ఇంకో రోజైతే గీతలమ్మ పడీపడీ నవ్వేది. ఇవాళ మాత్రం కడుపు మండిపోయింది.

"అరవకండి. పక్కింటివాళ్ళు వింటారు," అంది అత్తయ్య కిటికీ దగ్గర్నుంచి. జీవితమంతా బడుల్లో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకునీ కోడలినీ కూడా క్లాసులోలాగే సద్దుమణిగించాలని చూస్తుంది.

"విననివ్వండి అత్తయ్యా. రేపు ఎలాగూ అందరూ వింటారు. మన బడి కట్టబోయే కాంట్రాక్టరే తన పిల్లని అందులో వెయ్యట్లేదట! నమ్మకం లేకుండానే కడతానన్నారా మీరు?"

"ఇటుకల మీద నమ్మకముంది. గోడ పడితే నన్నడుగు. చదువు పడితే ఎవర్నడగాలి?" అన్నాడు కాంట్రాక్టరు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. "నీ బడి మంచిదే. ఎవరు కాదన్నారు? వడ్రంగి వచ్చి లెక్కలు చెప్తాడు, కుట్టుపనావిడ వచ్చి కొలతలు నేర్పుతుంది, వీధివీధంతా బడేనంటావు. వినడానికి నాకూ బాగానే ఉంటుంది. కానీ ఎక్కడా చేసి చూసింది కాదు కదా. ఆ ప్రయోగమేదో మన పిల్ల మీదే ఎందుకు?"

"మరి ఎవరి పిల్ల మీద చెయ్యమంటారు?"

కాంట్రాక్టరు నీళ్ళు నమిలాడు.

"చెప్పండి! మిషనక్క పిల్ల మీద చెయ్యనా? బండి తోసుకునేవాళ్ళ పిల్లల మీద చెయ్యనా? వాళ్ళయితే పాడైనా పర్లేదా?"

అత్తయ్య కిటికీ రెక్క దగ్గరికి లాగింది. "నేను మొదటిరోజే చెప్పానమ్మాయ్, నువ్వు చెవిన వేసుకోలేదు. నీ బడి చుట్టూ గోడల్లేకపోతే పోనీ. గదులకి తలుపులు కూడా లేవు. అన్నీ బార్లా తెరిచి పెడితే ఎలా?"

"తలుపులు మూసే బడులే కదా అత్తయ్యా మనల్నిలా తయారుచేసింది!"

ఆ మాట ముసలావిడకి ఎక్కడ తగిలిందో, మూతి ముడుచుకుని అటు తిరిగిపోయింది.

గీతలమ్మ వెళ్ళి పిట్ట గది తలుపు దబదబా బాదింది. "తలుపు తియ్యవే! నీకు తెలుసా ఈ సంగతి? తియ్యమంటున్నానా!"

గడియ కదల్లేదు.

ఇంకాసేపు అక్కడే ఉంటే తలుపు విరగ్గొడతానని గీతలమ్మకే భయమేసింది. చెప్పులు వేసుకుని బడి స్థలం దగ్గరికి బయల్దేరింది.

*

గీతలమ్మకి ఆ పేరు ఊరికే రాలేదు.

భవనాల ప్లాన్లు గీసేవాళ్ళు సాధారణంగా కాగితం మీద గీస్తారు. అది జనానికి అర్థం కాదు, అర్థమైనట్టు తలూపుతారు. గీతలమ్మ అలా కాదు. మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో బడి ఎంత ఉండబోతుందో అంతా నేల మీదే సున్నంతో గీసేసింది. ఇక్కడ వంటిల్లు, ఇక్కడ పుస్తకాల వసారా, ఇక్కడ వడ్రంగం కొట్టు. రండి, నడవండి, కూర్చోండి, నచ్చకపోతే మార్చండి అంది.

దానికో పద్ధతి పెట్టింది. ఎవరైనా సరే కొత్త గీత గియ్యొచ్చు. కానీ ఆ గీత మీద నిలబడి, అది ఎందుకు కావాలో అందరి ముందూ చెప్పాలి. చెరపాలన్నా అంతే. గీత మీద నిలబడి కారణం చెప్పి, తన కాలితో తనే చెరపాలి. పెద్దా చిన్నా తేడా లేదు. ప్లాను గీసిన తనకైనా అదే పద్ధతి.

మొదట్లో అందరూ సిగ్గుపడ్డారు. తర్వాత చూడాలి ఆ సంబరం! వడ్రంగి బాబాయి తన కొట్టుని ఎండ పడే వైపు నుంచి నీడ వైపుకి లాక్కున్నాడు. కూరలమ్మే ముసలమ్మలు పుస్తకాల వసారాలో నడుం వాల్చడానికి అరుగు పెట్టించుకున్నారు. మిషనక్క కుట్టుగది కావాలంది. వీధిలోకి తెరిచి ఉండాలి, ఆవిడ మిషను అక్కడే ఉండాలి, పిల్లలు అక్కడికే వచ్చి బట్ట కొలిచి భిన్నాలు నేర్చుకోవాలి. గీత మీద నిలబడి ఆ మాట చెప్పడానికి మిషనక్క రెండుసార్లు మొదలుపెట్టాల్సొచ్చింది. బడి ముఖం చూడని మనిషి బడిలో తనకో గది అడిగింది మరి.

రేపు పొద్దున్న స్థలం ఎవరికివ్వాలో తేల్చే సర్కారు ఆఫీసు వాళ్ళు వస్తారు. వీధివాళ్ళంతా చేతులెత్తి మాకీ బడి కావాలంటే స్థలం బడికి. లేకపోతే అక్కడ గోడౌన్లు లేస్తాయి. ఇదంతా మిషనక్కకి గీతలమ్మ కంటే బాగా తెలుసు. ఇంటింటికీ తిరిగి జనాన్ని ఒప్పించింది ఆవిడే.

ఆ మిషనక్కే ఇప్పుడు కుట్టుగది గీత మీద నిలబడి, మడమతో సున్నాన్ని మట్టిలో కలిపేస్తోంది.

"అక్కా! ఏం చేస్తున్నావ్?" గీతలమ్మ పరుగున వచ్చింది.

"కనపడట్లేదా? చెరుపుతున్నా."

"కారణం చెప్పకుండా..."

"చెప్పాను. బాబాయ్ విన్నాడు." మిషనక్క తలెత్తలేదు. వడ్రంగి బాబాయి కాస్త దూరంలో దుంగ మీద కూర్చుని చెవి మీది పెన్సిలు తీస్తున్నాడు, పెడుతున్నాడు. మాట్లాడే ధైర్యం లేనప్పుడు ఆయన చేసే పని అదే.

"నాకు తెలీదక్కా. ఒట్టు. ఆయన నాకు చెప్పకుండా చేశారు."

"తెలీదనే నేనూ అనుకున్నా." మిషనక్క కాలు ఆగింది. "మీ ఇంటి సంగతే మీకు తెలీదు, అందుకే ఇంకా మండుతోంది. మీ అమ్మాయి భుజాలు కొలిచింది నేను. ఈ బట్ట నీకెందుకమ్మా అని అడిగితే తలొంచుకుంది. కొలిచి, కత్తిరించి, మిషను మీద పెట్టాక తట్టింది నా మట్టిబుర్రకి. మా పిల్లలకేమో గోడల్లేని బడి. వాళ్ళ పిల్లకి గోడలున్నది. అలాంటప్పుడు నన్ను ఇంటింటికీ ఎందుకు తిప్పారు గీతలమ్మా? రేపు నన్నెవరైనా అడిగితే నా తలకాయ ఎక్కడ పెట్టుకోను?"

"పిట్ట ఈ బడికే వస్తుంది. నేను చెప్తున్నా కదా! రేపు తీసుకొచ్చి నీ ముందే నిలబెడతాను."

"నిలబెడతారా?" మిషనక్క నవ్వింది. ఆ నవ్వు మంచి నవ్వు కాదు. "మా ఇళ్ళన్నీ తిరిగారు మీరు. మంచాల మీద కూర్చుని, మా పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీకెలాంటి బడి కావాలమ్మా అని అడిగారు. నత్తి ఉన్న పిల్లాడి దగ్గర కూడా వాడు చెప్పేదాకా కూర్చున్నారు. నాకు గుర్తుంది. పిల్లల్ని అడక్కుండా ఒక్క గీతా గియ్యకూడదన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"మీ పిల్లని అడిగారా?"

గీతలమ్మ మిషనక్క మొహం మీంచి చూపు తిప్పుకుంది.

నిజంగానే అడగలేదు. అడగాలని తోచనైనా లేదు. పిట్ట తన కూతురు కాబట్టి తన బడికే వస్తుందనుకుంది. వీధి చివరి ఇల్లు కూడా వదలని మనిషి తన ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఆగలేదు.

"గీతలమ్మా," అన్నాడు వడ్రంగి బాబాయి, ఎట్టకేలకి. "మీ అమ్మాయి రాకపోతే రేపు నేనూ చెయ్యెత్తలేనమ్మా. కోపంతో అనట్లేదు. మావాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలీట్లేదు."

*

గీతలమ్మ ఇంటికొచ్చి పిట్ట గది ముందు నేల మీద చతికిలబడింది. ఈసారి తలుపు బాదలేదు.

"పిట్టా. నీకెలాంటి బడి కావాలే?"

వంటింట్లో అత్తయ్య గిన్నెలు కడగడం ఆపింది. కాంట్రాక్టరు కుర్చీలోంచి లేచాడు.

గడియ తీసిన చప్పుడైంది. పిట్ట గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, మొహంలో మాత్రం బెదురు లేదు. వాళ్ళమ్మ కోపమే పుణికిపుచ్చుకుంది.

"ఇప్పుడా అడగడం?"

"ఇప్పుడే అడుగుతున్నా. చెప్పు."

"పెద్ద గేటు స్కూలు కావాలి."

"మీ నాన్న చెప్పమన్నారా?"

"నేనే నాన్నని అడిగాను. బతిమాలాను. అమ్మకి తెలిస్తే గొడవవుతుంది, నేనే అడిగానని చెప్పకు అన్నాను. అందుకే నాన్న మధ్యాహ్నం నుంచీ నీ చేత తిట్లు తింటున్నాడు."

గీతలమ్మ గిరుక్కున మొగుడి వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నీళ్ళు నమలడం కాదది, పిల్లకిచ్చిన మాట నిలబెట్టుకోవడం. ఆ సంగతి తెలిసొచ్చేసరికి గీతలమ్మకి మొగుడి మీద జాలి వేయాల్సింది. వెయ్యలేదు. తనని వదిలేసి వాళ్ళిద్దరూ ఒకటయ్యారని ఇంకా ఒళ్ళు మండింది.

"ఆ గోడల్లో ఏముందే నీకు? ఎందుకే ఆ జైలు?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"మొత్తం ఊరికి అర్థమయ్యేలా బడి గీశాను, నువ్వు చెప్పేది నాకర్థం కాదా?"

"కాదు! నువ్వు వినవు. వింటున్నట్టు మొహం పెడతావు, అంతే!"

గీతలమ్మ చెయ్యి లేచింది. అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి "అమ్మాయ్!" అని ఒక్క అరుపు అరిచింది. బెత్తం పట్టిన రోజుల్లో కూడా ఆవిడ అలా అరిచి ఉండదు. లేచిన చెయ్యి లేచినట్టే ఆగి, ఎక్కడ దించాలో తెలియక తలుపు చెక్క పట్టుకుంది.

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో, విను. రేపు పొద్దున్న ఒక్క గంట. పిట్టని అక్కడ నిలబెట్టి, ఈ బడికే వస్తానని చెప్పిద్దాం. ఆఫీసు వాళ్ళు రాసుకుని వెళ్ళిపోతారు. స్థలం దక్కుతుంది. తర్వాత దాని చదువు సంగతి మనలో మనం చూసుకుందాం. ఎవరికి నష్టం?"

ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆ మాట గీతలమ్మకి తీపిగా వినిపించింది. స్థలం దక్కుతుంది. వీధివీధంతా చేతులెత్తుతుంది. ఒక పిల్ల ఒక్క అబద్ధం చెప్తే అయిపోతుంది.

ఆ అబద్ధం మీద నిలబడేది ఏ బడి? పిల్లల్ని అడక్కుండా గీత కూడా గియ్యకూడదన్న బడి. బలవంతంగా పిట్టని తీసుకెళ్తే ఆ బడిని తనే చంపినట్టు. తీసుకెళ్ళకపోతే వీధివాళ్ళు చంపుతారు. ఎటు తిరిగినా ముందు గొయ్యే.

పిట్ట ఎవరి జవాబు కోసమూ ఆగలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎవరూ ముట్టుకోని ఆ నీలం గళ్ళ బట్టని చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికే?"

"రేపటిదాకా ఎందుకు? వాళ్ళ ముందే చెప్తాను పద. గీత మీద నిలబడి చెప్పాలి కదా. నీ పద్ధతే."

"ఆపు దాన్ని!" అన్నాడు కాంట్రాక్టరు.

గీతలమ్మ ఆపలేదు. గుమ్మం పక్కనున్న సున్నం డబ్బా తీసుకుని కూతురి వెనకే నడిచింది.

*

ఇంకా వెలుతురు పోలేదు. మిషనక్క వెళ్ళలేదు. కుట్టుగది చెరిపేసి, ఆ చెరిపిన మట్టి మీదే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వడ్రంగి బాబాయి దుంగ మీదే ఉన్నాడు. మార్కెట్ మూసి వెళ్తున్నవాళ్ళు పిట్ట చేతిలో బట్ట చూసి ఒక్కొక్కరే ఆగారు. చూస్తుండగానే చిన్న గుంపు పోగైంది.

పిట్ట స్థలం మధ్యకి వెళ్ళి చుట్టూ చూసింది. వంటిల్లు గీత మీద నిలబడబోయి తప్పుకుంది. పుస్తకాల వసారా దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"ఎక్కడ నిలబడనమ్మా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "ఇది బాబాయిది. అది కూరలమ్మేవాళ్ళది. నా గీత ఏది?"

గీతలమ్మ ఒక్కో గీతా వెతుక్కుంటూ చూసింది.

మిషనక్క లేచింది. గీతలమ్మ చేతిలోంచి సున్నం డబ్బా విసురుగా లాక్కుని పిట్ట కాళ్ళ దగ్గర పెట్టింది. "నువ్వే గీసుకోవే తల్లీ. మీ అమ్మకి తీరిక లేదు."

పిట్ట వంగి గియ్యడం మొదలుపెట్టింది. కుట్టుగది చెరిపేసిన చోటుకి కాస్త పక్కన. ఒక వైపు, రెండో వైపు, మూడో వైపు. అక్కడ ఆగుతుందనుకున్నారంతా. ఈ బడిలో గది అంటే మూడు గోడలు, నాలుగో వైపు వీధి. గీతలమ్మ పొద్దున లేస్తే గొప్పగా చెప్పుకునేది ఆ మాటే.

పిట్ట నాలుగో వైపు కూడా గీసింది. మనిషి పట్టేంత చిన్న గది. ఒక మూల అడ్డంగా చిన్న గీత పెట్టింది.

"ఇది తలుపు. గడియ లోపలి వైపుంటుంది."

గుంపులో ఎవరో గుసగుసలాడారు. వడ్రంగి బాబాయి పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు. "దేనికో చెప్పాలి తల్లీ."

పిట్ట గీత మీదకెక్కి నిలబడింది. బట్టని గుండెకి అదుముకుంది.

"ఏడుపొస్తే ఎక్కడికెళ్ళాలి?"

పిట్ట చుట్టూ ఉన్న మొహాల్ని ఒక్కొక్కటే చూసింది.

"ఈ బడిలో ఎటు చూసినా ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు. వీధంతా చూస్తుంది. అమ్మ రోజూ ఉంటుంది. అందరూ నన్ను గీతలమ్మ కూతురు ఎలా ఉందో అని చూస్తారు. నేను నవ్వుతూనే ఉండాలి. పెద్ద గేటు స్కూల్లో నేనెవరో ఎవరికీ తెలీదు. అక్కడ ఏడిస్తే ఎవరూ మీటింగు పెట్టరు."

గుంపులో ఉన్న తన కూతురి కోసం వెతికాయి మిషనక్క కళ్ళు. ఆ పిల్ల తల్లి వైపు చూడట్లేదు, నేల మీద ఆ నాలుగు గీతల్నే చూస్తోంది.

"ఎందుకేడుస్తావే?" గీతలమ్మ గొంతు చీరుకుపోయింది. "ఏం తక్కువ చేశాం నీకు? గడియ పెట్టుకునే గదులు వద్దనే కదా ఇంతకాలం నేను కొట్లాడింది! తలుపు వేస్తే లోపల ఏం జరుగుతుందో ఎవరికి తెలుస్తుంది? ఒక్క తలుపు పెడితే రేపు అన్నిటికీ పెడతారు. తర్వాత గోడ. ఆ తర్వాత గేటు! కుదరదు. చెరిపేస్తాను!"

విసవిసా వచ్చి కూతురికి ఎదురుగా ఆ గీత మీదే నిలబడింది. మడమ ఎత్తింది.

"కారణం," అంది పిట్ట. "ముందు కారణం చెప్పు. నేనెందుకు ఏడుస్తానని నువ్వడిగావు. అది కారణం కాదు. గోడ, గేటు అన్నావు. అవి నేను గియ్యలేదు. నేను గీసిన దాన్ని ఎందుకు చెరపాలో చెప్పి చెరుపు."

గీతలమ్మ నోరు తెరిచింది. ఇన్ని మీటింగుల్లో ఇన్ని మాటలు చెప్పిన నోరది. ఒక్క మాట కూడా రాలేదు.

"అమ్మా గీతలమ్మా," అన్నాడు వడ్రంగి బాబాయి మెల్లగా, "మరి రేపు చేతులెత్తాలా, వద్దా?"

మిషనక్క వచ్చి పిట్ట చేతుల్లోంచి నీలం గళ్ళ బట్ట తీసుకుని, మడత పెట్టి భుజాన వేసుకుంది.

"ఇది పొద్దున దాకా నా దగ్గరుంటుంది," అంది, తల్లీకూతుళ్ళిద్దరికీ వినపడేలా. "ఆఫీసు వాళ్ళు వచ్చేలోపు తేల్చుకోండి. కుట్టమంటే కుడతాను. చింపమంటే చింపుతాను. ఈ మధ్యలో ఊగడం మాత్రం నా వల్ల కాదు."

గుంపు సర్దుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. పిట్ట కూడా ఇంటి వైపు నడిచింది, వెనక్కి చూడకుండా.

గీతలమ్మ ఎత్తిన మడమ దించింది. చెరపలేదు. ఇంకా ఆ గీత మీదే నిలబడి ఉంది.